పాంగ్‌టీ డేగలు: ఎవరి లెక్క ఎవరు రాశారు?



అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే ప్రగతి నగర్‌లో మా హాస్టల్ మేడ మీది నుంచి అంబీర్ చెరువు వైపు గద్దలు తిరుగుతూ కనిపిస్తాయి. మేం నలుగురం సాయంత్రం పూట వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాం, సరదాకే. ముప్పై దాటితే గొడవే. ఒకటే గద్ద రెండుసార్లు తిరిగొచ్చిందేమో ఎవరికి ఎరుక? అసలు వలస పోయే డేగల్ని, గద్దల్ని ఎట్లా లెక్కపెడతారో చూద్దామని చదువుతుంటే నాగాలాండ్ సంగతి దొరికింది. అది చదివాక మన గ్రూప్‌లో రాయకుండా ఉండలేకపోయాం.

ఆ పక్షి పేరు అముర్ డేగ. రష్యా, చైనా సరిహద్దులో పారే అముర్ నది పేరే దానికి పెట్టారు. పావురం కంటే చిన్నది, బరువు 150 గ్రాముల చుట్టుపక్కల. తూర్పు సైబీరియా, ఉత్తర చైనాలో పిల్లల్ని చేసి, చలి మొదలవగానే దక్షిణ ఆఫ్రికా దిక్కు బయల్దేరుతుంది. పోను రాను 20 వేల కిలోమీటర్ల పైనే. దారిలో మన ఈశాన్య రాష్ట్రాల్లో ఆగి ఉసిళ్ళు తిని కొవ్వు పట్టించుకుంటుంది. (తొలకరిలో ఉసిళ్ళు పట్టి వేయించుకు తిన్నవాళ్ళకి ఆ బలం గురించి మేం చెప్పక్కర్లేదు.) ఆ కొవ్వుతోనే అరేబియా సముద్రం దాటాలి. మధ్యలో దిగడానికి చోటు లేదు.

2012 శరదృతువులో నాగాలాండ్‌లోని వోఖా జిల్లా, దోయాంగ్ రిజర్వాయర్ దగ్గర వలల్లో పడ్డ వేల డేగల వీడియో బయటికొచ్చింది. పాంగ్‌టీ అనే లోథా నాగా ఊరి పేరు ప్రపంచమంతా పాకింది. వీడియో తీసినవాళ్ళు వేసిన అంచనా, ఆ ఒక్క సీజన్‌లోనే 1,20,000 నుంచి 1,40,000 డేగలు చచ్చాయని. వేట గుంపులు ఎన్ని, గుంపుకి రోజుకి ఎన్ని పడుతున్నాయి, ఎన్ని రోజులు వేట సాగింది, ఇవన్నీ గుణించి తెచ్చిన సంఖ్య అది. భయంకరమైన సంఖ్యే, మేం దాచడం లేదు.

కానీ ఆ సంఖ్య వెనక ఇంకో లెక్క ఉంది. దాన్ని చాలామంది రాయలేదు. దోయాంగ్ అనేది చెరువు కాదు, డ్యామ్. 75 మెగావాట్ల కరెంటు కోసం కట్టారు, 2000లో పని మొదలుపెట్టింది. ఆ నీళ్ళ కింద లోథా రైతుల మంచి పొలాలు పోయాయి. పొలం పోయినవాళ్ళు చేపల వల పట్టారు. డేగలు అక్కడ అంత పెద్ద గుంపులుగా రాత్రిపూట దిగడం కూడా ఆ రిజర్వాయర్ వచ్చాకే. ఆ వలలే చెట్ల మధ్య కట్టారు. తిన్నది కొంత, అమ్మింది ఎక్కువ. ఎన్ని పిట్టలు చచ్చాయో దేశమంతా తెలిసింది. ఎన్ని ఇళ్ళ భూమి మునిగిందో మనలో ఎవరైనా విన్నామా? పోలవరం కింద కోయ, కొండరెడ్డి ఊళ్ళు ఖాళీ అవడం చూసినవాళ్ళం, మనకిది కొత్తగా చెప్పాలా!

ఇక 2013. ఇక్కడే మాకు అసలు ఆశ్చర్యం. పాంగ్‌టీ, ఆశా, సుంగ్రో గ్రామ కౌన్సిళ్ళు వేట ఆపుతామని ఒప్పుకున్నాయి. బానో హరాలు అనే నాగా జర్నలిస్టు, ఆమెతో పనిచేసినవాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు, చర్చిల్లో, బడుల్లో మాట్లాడారు. ఆ ఏడు డేగలు వచ్చాయి, వలలు పడలేదు. నిన్నటి వేటగాళ్ళే కాపలా కాశారు. దీన్ని అటవీ శాఖ విజయమని రాసేస్తే సగమే నిజం. 1972 వన్యప్రాణి చట్టం 2012లో కూడా ఉంది కదా? నాగాలాండ్‌లో రాజ్యాంగంలోని 371ఎ వల్ల భూమి, దాని వనరులు, ఆచార చట్టం విషయంలో వాళ్ళ మాటకి విలువుంది. కౌన్సిల్ వద్దంటే ఊళ్ళో అది చెల్లుతుంది. మనకి 1996 నుంచి పెసా ఉంది, 2006 నుంచి అటవీ హక్కుల చట్టం ఉంది. మన గ్రామసభ తీర్మానం బీట్ ఆఫీసర్ ముందు ఎంత చెల్లుతుందో మీకే ఎరుక.

ఇంకోటి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక కొండ మీద తెల్లవాళ్ళు ప్రతి శరదృతువులో గద్దల్ని తుపాకులతో కాల్చి కుప్పలు పోసేవాళ్ళు. గాస్‌హాక్ అనే డేగ జాతిని చంపితే ఒక్కోదానికి 5 డాలర్లు ప్రభుత్వమే ఇచ్చింది. 1934లో రోసాలీ ఎడ్జ్ అనే ఆమె ఆ కొండని లీజుకి తీసుకుని కాపలా పెట్టింది. కాపలాకి వచ్చిన మారిస్ బ్రౌన్ అక్కడే కూర్చుని పోయే పక్షుల్ని రోజూ లెక్కపెట్టాడు. హాక్ మౌంటెన్‌లో ఇప్పటికీ ఆ లెక్క నడుస్తోంది. అంటే కాల్చిన చోటే లెక్క పుట్టింది. మరి ఆ వేటకి ఒక జాతిని మొత్తం ఎవరూ అనాగరికులు అనలేదేం?

2013 నవంబర్‌లోనే మూడు డేగలకి ఉపగ్రహ ట్యాగులు కట్టి నాగా, వోఖా, పాంగ్‌టీ అని పేర్లు పెట్టారు. తెగ పేరు, జిల్లా పేరు, ఊరి పేరు! మరుసటి ఏడాది నాగా, పాంగ్‌టీ మళ్ళీ దోయాంగ్‌కి తిరిగొచ్చాయి. ఇట్లా ట్యాగులున్న డేగల దారి మ్యాప్‌లో చూస్తే, గీత మన తెలుగు నేల మీదుగా అరేబియా సముద్రం వైపు పోతుంది. ఎత్తులో, రాత్రిళ్ళు కూడా ఎగురుతాయి కాబట్టి మన తల మీద నుంచి పోయినా కనిపించవు.

కనిపించేవి వేరే ఉన్నాయి. నంద్యాల జిల్లా రోళ్ళపాడు గడ్డిభూముల్లో చలికాలం పిల్లిగద్దలు మధ్య ఆసియా నుంచి వచ్చి పొద్దుగూకాక గడ్డిలో, నేల మీదే పడుకుంటాయి. అవి గుంపులుగా దిగే వేళకి కూర్చుని లెక్కపెడతారు. ఒకప్పటి కంటే చాలా తగ్గిపోయాయి. గడ్డిభూమిని ఖాళీ జాగా అనుకుని దున్నేస్తే అవి ఎక్కడ పడుకుంటాయి?

ఒక పని అడుగుతున్నాం. కోయ, గోండి, కొలామి, లంబాడీ, చెంచు ఇళ్ళల్లో డేగని ఏమంటారు, గద్దని ఏమంటారు, తాతల్ని, అవ్వల్ని అడిగి రాయండి. ఈ నవంబర్‌లో మీ ఊళ్ళో కరెంటు తీగల మీద చిన్న డేగలు గుంపుగా కూర్చుంటే తేదీ, ఊరు, ఎన్ని అనేది రాసి పెట్టండి. ఫోటో లేకపోయినా పర్వాలేదు. మా మేడ మీది గద్దల లెక్క ఆదివారం పెడతాం, తప్పుంటే తిట్టండి.