ఊదుగొట్టం నుంచి స్లగ్ దాకా: గురి కుదిరిన కథ, పేరు దక్కని మనుషులు



మేం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నవాళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈమధ్య మా రూముల్లో ఎయిర్‌గన్ల గురించి, అందులో వేసే స్లగ్గుల గురించి మాటలు ఎక్కువయ్యాయి. నూరు మీటర్ల దూరంలో అగ్గిపెట్టెంత గురిని కొడుతున్నారట, ఏ స్లగ్ మంచిది, ఎంత బరువుది వెయ్యాలి అని వాదులాడుకుంటున్నాం. సరే, అసలు సంగతి ఏంటో చదువుదామని లైబ్రరీలో కూర్చున్నాం. స్లగ్ గురించి వెతుకుతూ పోతే, కథ దక్షిణ భారతంలో గాలి ఊది బాణం వేసిన మనుషుల దగ్గర తేలింది. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి.

ముందు మనకు తెలిసిన దానితో మొదలుపెడదాం. విల్లంబు. అమ్ము ముందు ఇనుప ములికి ఉంటుంది, వెనక ఈకలు ఉంటాయి. బరువు ముందుకు, గాలిని పట్టుకునేది వెనక్కి. అమ్ము కొంచెం పక్కకు తిరిగితే ఈకల మీద గాలి ఒత్తి మళ్లీ దారిలో పెడుతుంది. మన తాతలు దీన్ని పుస్తకంలో చదవలేదు, చేసి చూసి తెలుసుకున్నారు. ఎయిర్‌గన్‌లో మామూలుగా వేసే పెల్లెట్ కూడా ఇదే పద్ధతి. తల బరువు, నడుము సన్నం, వెనక పల్చటి లంగా లాంటి అంచు. దాన్ని డయాబొలో అంటారు. 1900ల మొదట్లో ఇంగ్లండ్‌లో ఈ రకం వాడుకలోకి వచ్చింది. అప్పట్లో పిల్లలు తాడు మీద తిప్పి ఆడే నడుము సన్నటి బొమ్మ పేరే దానికి పెట్టారు. వెనక అంచు గాలిని పట్టుకుని ఈక చేసే పని చేస్తుంది.

స్లగ్ అలా కాదు. దానికి నడుము లేదు, లంగా లేదు. నిండైన సీసం ముద్ద, తూటా ఆకారం. ఈక లాంటిదేదీ లేదు కాబట్టి నిలకడ మొత్తం తిరగడం వల్లే రావాలి. బొంగరం తిరిగినంతసేపే నిలబడుతుంది కదా, అదే లెక్క. ఆ తిరుగుడు ఇచ్చేది బ్యారెల్ లోపల మెలి తిరిగి ఉండే గాడులు. పెల్లెట్‌ను కూడా గాడులు తిప్పుతాయి గానీ దానికి వెనక అంచు అండ ఉంది. స్లగ్‌కు తిరుగుడు ఒక్కటే ఆధారం. ఈ ఒక్క తేడా గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం.

గాలితో పేల్చే తుపాకీ ఆటబొమ్మగా పుట్టలేదు. 1780 ప్రాంతంలో బార్తొలొమియో గిరార్డోని అనే ఆయన చేసిన గాలి తుపాకీని ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. వెనక మడమ భాగమే గాలి డబ్బా. అది నిండాలంటే పంపు దాదాపు 1500 సార్లు కొట్టాలి. పక్క గొట్టంలో 20 దాకా గుండ్లు పట్టేవి, మందు పొగ లేకుండా వరసగా పేల్చొచ్చు. గుండు మాత్రం గుండ్రటిదే. 1804–1806లో అమెరికాలో లూయిస్, క్లార్క్ పడమటి దిక్కుకు వెళ్లినప్పుడు ఒక గాలి తుపాకీ తీసుకెళ్లారు. అది గిరార్డోని రకమేనని చాలామంది చరిత్రకారులు అంటారు. దారిలో కలిసిన ఆదివాసీ జాతుల పెద్దల ముందు దాన్ని పేల్చి చూపించేవాళ్లు. ఎందుకు? వేటకు కాదు. మా దగ్గర ఏముందో చూడండి అని చెప్పడానికి. దూరం నుంచి గురి కొట్టగలగడం అప్పటికే ఒక రాజకీయ భాష అన్నమాట.

అయితే గుండ్రటి గుండుకు పెద్ద చిక్కు ఉంది. గాడులు లేని తుపాకీలో గుండు వదులుగా ఉంటే లోపల అటూ ఇటూ కొట్టుకుంటూ బయటికొస్తుంది, 100 గజాలు దాటితే ఎటు పోతుందో చెప్పలేం. గాడులున్న తుపాకీలో గుండు బిగుతుగా ఉండాలి, కానీ ముందునుంచి దాన్ని సుత్తితో కొట్టి లోపలికి దించాలి. యుద్ధంలో అంత తీరిక ఎక్కడిది? వదులుగా లోపలికి దిగి, బిగుతుగా బయటికొచ్చే గుండు కావాలి. యూరప్ సైన్యాలు తల పట్టుకున్న ప్రశ్న ఇది.

దానికి జవాబు దొరికిన చోటే మేం ఆగిపోయాం. బ్రిటిష్ సైన్యం 34వ రెజిమెంట్‌లో జాన్ నార్టన్ అనే కెప్టెన్ ఉండేవాడు. దక్షిణ భారతంలో ఉన్నప్పుడు అక్కడి జనం వాడే ఊదుబాణాల్ని చూశాడు. గొట్టంలో బాణం పెట్టి నోటితో ఊదుతారు. ఆ బాణం మొదట్లో తామర కాడ బెండు కట్టి ఉంది. ఊదగానే మెత్తటి బెండు ఉబ్బి గొట్టం గోడలకు అతుక్కుంటుంది, పక్కల్నుంచి గాలి జారిపోదు, ఊపిరి బలమంతా బాణానికే. నార్టన్ అదే ఆలోచనను సీసంలోకి మార్చాడు: ముందు కోసు, వెనక బోలు. మందు పేలగానే బోలు అంచు వెడల్పై గాడుల్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత విలియం గ్రీనర్ అనే తుపాకుల తయారీదారు ఇంకో రకం ఉబ్బే గుండు చేశాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఇద్దరివీ పక్కన పెట్టింది. 1849లో ఫ్రాన్స్‌లో మినియే అదే సూత్రంతో చేసిన గుండు ప్రపంచమంతా పాకింది. బ్రిటన్ మినియేకు 20,000 పౌండ్లు కట్టింది. గ్రీనర్ పోరాడి 1857లో 1,000 పౌండ్లు తెచ్చుకున్నాడు. ఊదుబాణం చేసినవాళ్లకు? వాళ్లది ఏ ఊరు, ఏ జాతి అన్నది కూడా ఆ కథనంలో లేదు. "దక్షిణ భారత స్థానికులు" అన్న మాటతో సరి.

ఆలోచించండి. ఊదుగొట్టం అంటే ఏంటి? గాలితో పేలే ఆయుధం. ఎయిర్‌గన్‌కు పూర్వీకుడు. ఈరోజు అమ్మే స్లగ్గుల్లో చాలావాటిని తిరగేసి చూస్తే అడుగున చిన్న గుంట కనిపిస్తుంది. ఆ గుంటకు మూలం వెతుకుతూ వెళ్తే తామర బెండు దగ్గరికే వస్తాం.

కథ అక్కడ ఆగలేదు. ఈ ఉబ్బే గుండు, గాడులున్న ఎన్‌ఫీల్డ్ తుపాకీ కలిసి 1850ల్లో మన దేశానికి వచ్చాయి. ఆ తూటాల కాగితం మీది కొవ్వే 1857 తిరుగుబాటుకు ఒక కారణమని స్కూల్లో చదివాం. స్కూల్లో చదవనిది ఇంకోటుంది. తిరుగుబాటు అణిగాక భారతీయ సిపాయిల కోసం బ్రిటిష్‌వాళ్లు అదే ఎన్‌ఫీల్డ్‌ను వేరే రకంగా చేయించారు. లోపలి గాడులు తీసేసి నున్నగా తొలిచారు. దూరాన్ని బట్టి సర్దుకునే సైటు తీసేసి కదలని సైటు పెట్టారు. బయటినుంచి చూస్తే అదే తుపాకీ. చేతిలో ఆయుధం ఉంది, గురి లేదు. 1878 ఆయుధ చట్టంతో భారతీయులకు లైసెన్స్ తప్పనిసరి చేసి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చారు. పాలించేవాళ్లకు బాగా తెలుసు, బలం తుపాకీలో కాదు, గుండుకూ గాడికీ కుదిరే పొత్తులో ఉందని.

1922 ఆగస్టులో మన్యంలో అల్లూరి సీతారామరాజు, గాం గంటన్న దొర, గాం మల్లు దొర, వాళ్ల వెంట మన గిరిజనులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు, తూటాలు పట్టుకుపోయారు. విల్లంబులు చేతిలో ఉన్నవాళ్లు స్టేషన్ల దాకా ఎందుకు వెళ్లారో పైన చెప్పిన చరిత్ర చదివితే ఇంకా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు మా రూముల్లో వాదనకు వద్దాం. దూరానికి గురి కుదరాలంటే స్లగ్ ఎలా ఎంచుకోవాలి? మేం చదివి అర్థం చేసుకున్నది ఇదీ.

ఒకటి, సైజు. మందు తుపాకీలో ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంటుంది, అందుకే మినియే గుండు దానంతట అదే ఉబ్బింది. ఎయిర్‌గన్ సిలిండర్‌లో 200–300 బార్ల గాలే ఉంటుంది. ఆ బలం స్లగ్‌ను అంతగా ఉబ్బించలేదు. కాబట్టి బెండు చేసిన పని ఇక్కడ మనిషి చెయ్యాలి, ముందే కొలిచి సరైన సైజు తీసుకోవాలి. మెత్తటి సీసం ముక్కను బ్యారెల్‌లోంచి తోసి, బయటికొచ్చాక మైక్రోమీటర్‌తో కొలిస్తే గాడుల లోతు సైజు తెలుస్తుంది. స్లగ్ దానికి సమానంగా గానీ వెంట్రుకవాసి ఎక్కువగా గానీ ఉండాలి. అందుకే 5.5 మి.మీ. బోరుకు కంపెనీలు 0.216, 0.217, 0.218 అంగుళాలని వేరువేరుగా అమ్ముతాయి. ఒక్కో మెట్టు తేడా 0.025 మి.మీ. మాత్రమే. ఆ మాత్రానికే గురి చెదురుతుంది.

రెండు, పొడవు. పొడుగు స్లగ్‌ను నిలబెట్టాలంటే గాడుల మెలి బిగువుగా ఉండాలి. 1879లో జార్జ్ గ్రీన్‌హిల్ దీనికి ఒక మోటు లెక్క చెప్పాడు: గుండు అడ్డుకొలతను దానితో దాన్నే గుణించి, 150తో గుణించి, పొడవుతో భాగించండి. వచ్చిన దూరంలో గుండు ఒక చుట్టు తిరగాలి. 5.5 మి.మీ. అడ్డం, 10 మి.మీ. పొడవున్న స్లగ్‌కు దాదాపు 454 మి.మీ. వస్తుంది. చాలా ఎయిర్‌గన్ బ్యారెళ్లలో మెలి 450 మి.మీ.కు ఒక చుట్టు. అంటే ఆ పొడవుకే అంచు మీద ఉన్నట్టు. ఇంకా పొడుగుది వేస్తే తూలుతుంది. అప్పుడు పొట్టిదన్నా తీసుకోవాలి, మెలి బిగువున్న బ్యారెలన్నా మార్చాలి. "బరువెక్కువైతే గురి ఎక్కువ" అన్న మాట అందుకే సగమే నిజం.

మూడు, వేగం. ధ్వని వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు. గుండు ఆ దగ్గరికి వెళ్తే చుట్టూ గాలి కలత పడి దారి చెడుతుంది. స్లగ్గులకు 270–300 మధ్య సాధారణంగా కుదురుతుంది. ఆ వేగంలో కూడా 100 మీటర్లకు చేరేసరికి గుండు అరమీటరు పైనే కిందికి జారుతుంది. కాబట్టి దూరం సరిగ్గా తెలియకపోతే ఎంత మంచి స్లగ్ అయినా దండగే. అయితే స్లగ్ గాలిని బాగా చీల్చుకుపోతుంది, పక్కగాలికి పెల్లెట్ కంటే తక్కువ జరుగుతుంది. దాని గొప్ప అదే.

నాలుగు, ఒకే తీరు. ఒకే డబ్బాలోవి తూచి, బరువు వారీగా వేరుచేసి, గాలి లేని పొద్దున ఒక్కో రకం ఐదేసి వేసి, కాగితం మీద రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో కొలవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. సీసం విషం, చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు.

ఇక మనం తప్పక తెలుసుకోవాల్సిన సంగతి. 25 గ్రెయిన్ల స్లగ్ అంటే 1.62 గ్రాములు. సెకనుకు 280 మీటర్ల వేగంలో దాని శక్తి 63 జౌళ్లు దాటుతుంది. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనలు ఎయిర్‌గన్‌కు 4.5 మి.మీ., 20 జౌళ్ల దగ్గర గీత గీశాయి. 20 జౌళ్లలో అదే స్లగ్‌ను వేస్తే వేగం 157 మీటర్లే, నూరు మీటర్ల మాట మర్చిపోవచ్చు. అంటే ఆ వీడియోల్లోది లైసెన్స్ లేకుండా ఇక్కడ చేసే పని కాదు. అడవిలో పిట్ట మీద, కుందేలు మీద వేస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. కేసు పడితే చదువు, ఉద్యోగం రెండూ పోతాయి, తర్వాత ఎవరూ మనవైపు నిలబడరు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 మార్చిలో తూర్పు కామెంగ్ జిల్లా లుమ్‌డుంగ్‌లో గిరిజనులు తమ ఎయిర్‌గన్లు తామే అప్పగించడం మొదలుపెట్టారు. పిట్టలు లేని అడవి మనకొద్దని రెండు వేలకు పైగా తుపాకులు ఇచ్చేశారు. వాళ్లూ మనలాంటి అడవి బిడ్డలే.

గురి మీద ఇష్టం ఉంటే దారి ఉంది. 1984 నుంచి ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఉంది. అందులో 4.5 మి.మీ. చదును తల పెల్లెట్ వేస్తారు, శక్తి 8 జౌళ్ల లోపే. 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది దాంట్లోనే. సైజు చూసుకోవడం, డబ్బాల వారీగా వేసి చూడటం, ఒకసారికి ఒకటే మార్చడం అక్కడా ఇదే విద్య.

చివరిగా ఒక పని అడుగుతున్నాం. నార్టన్ పేరు పుస్తకంలో ఉంది, మినియే పేరు ఉంది, ఆయనకు అందిన డబ్బు లెక్కతో సహా ఉంది. బెండు కట్టినవాళ్ల పేరు లేదు, ఎందుకంటే రాసేవాళ్లు వాళ్లలో లేరు. ఇప్పుడు మనం రాయగలం. మీ ఊళ్లో ఊదుబాణం, విల్లు, అమ్ము, వల, బోను చేసిన తాతలు, అవ్వలు ఉంటే వెళ్లి కూర్చోండి. ఏ చెట్టు కర్ర, ఏ పిట్ట ఈక, ఏ జిగురు, ఎన్ని రోజులు ఆరబెట్టాలి, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అన్నీ అడగండి. వాళ్ల పేరు, ఊరు పేరు ముందు రాసి, తర్వాతే మిగతాది రాయండి. రాసింది ఇక్కడ పెట్టండి, మేం ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తాం.

జై ఆదివాసీ. జోహార్.