పాపికొండల్లో నది ఒకప్పుడు రోడ్డు

చిలకలగూడ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చాను. మా ఏరియా తెలియని వాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా. సికింద్రాబాద్ స్టేషన్ పక్కనే, రాత్రి పడుకుంటే రైలు కూతలు వినపడేంత దగ్గర. ఈ స్టేషన్‌కీ ఇవాళ్టి కథకీ ఒక లింకు ఉంది. అది మధ్యలో వస్తుంది, వినండి.

మీలో చాలామందికి అమెరికాలో ఒక అన్నో, అక్కో, బావో ఉంటారు కదా. సెలవులొస్తే వాళ్లు మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుంటారు. రెండు మూడు కుటుంబాలు కలిసి యెల్లోస్టోన్‌కో, గ్లేషియర్ పార్కుకో బయల్దేరతారు. వంట బండిలోనే, పడక బండిలోనే. పైన ఒక కయాక్ కట్టుకుని పోతారు, సరస్సు కనపడితే దింపుతారు. ఆ వీడియో చూసి మనం ఇక్కడ కూర్చుని "మనకెక్కడివిరా ఇలాంటివి" అనుకుంటాం.

మనకూ ఉంది. కొండల మధ్య నేషనల్ పార్క్ ఉంది, దాని నడుమ నది ఉంది. నీళ్ల మీద ఇల్లులాంటి బండి కూడా ఉండేది. దాని పేరు గూటి పడవ. పడవ మీద వెదురు తడికెలతో గూడు కట్టేవాళ్లు. అందులోనే వంట, అందులోనే నిద్ర. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. గాలి లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. మరి కయాక్? దానికి మన దగ్గరి చుట్టం దోనె. ఒకే మానును తొలిచి చేస్తారు, తెడ్డుతో నడుపుతారు. కయాక్‌ను ఇన్యూట్ జనం సరదాకు కనిపెట్టలేదు, మంచు సముద్రంలో సీల్ జంతువుల వేటకు తయారుచేసుకున్నారు. మన దోనె కూడా అంతే, బతుకుదెరువు కోసం పుట్టిందే.

నేను చెప్పేది పాపికొండల గురించి. తూర్పు కనుమలను చీల్చుకుని గోదావరి పోయే చోటు ఇది. తలలో పాపిడి తీసినట్టు ఉంటుంది కాబట్టి పాపిడి కొండలు అన్నారని, అదే పాపికొండలు అయిందని జనం చెప్పుకుంటారు. రాజమండ్రి దగ్గర 1900లో పూర్తయిన పాత రైలు వంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు, అంటే నది అక్కడ అంత వెడల్పు. అదే నది పాపికొండల్లో కొన్ని వందల గజాలకు కుదించుకుపోతుంది. నీళ్లు అవే, దారి మాత్రం ఇరుకు. అందుకే అక్కడ లోతెక్కువ, వరదలో వేగమెక్కువ, సుడులెక్కువ. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇక చరిత్రలోకి పోదాం. ఆర్థర్ కాటన్ పేరు అందరికీ తెలుసు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. ఆయన దృష్టిలో గోదావరి అంటే సాగునీరు ఒక్కటే కాదు, రోడ్డు కూడా. సముద్రం నుంచి పాపికొండల మీదుగా పైకి, వార్ధా నది దాకా పడవలు నడపాలని ఆయన పట్టుదల. ఎందుకంటే నాగపూర్, బేరార్ వైపు పత్తి ఉంది, ఇంగ్లండ్‌లో మిల్లులున్నాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయింది. మాంచెస్టర్ వాళ్ల చూపు ఇటు పడింది.

కానీ దారిలో మూడు పెద్ద అడ్డంకులున్నాయి, నదిలో మైళ్ల కొద్దీ బండరాళ్లు. మొదటిది భద్రాచలం పైన దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట కట్టారు, పడవలు పక్క నుంచి పోవడానికి కాలువ, లాకులు కట్టారు. పర్ణశాల చూడటానికి పోయే వాళ్లు ఆ ఆనకట్టనూ చూడొచ్చు, ఇప్పటికీ ఉంది. పని మాత్రం నత్తనడక నడిచింది. మన్యం జ్వరాలు కూలీలనూ పడగొట్టాయి, ఇంజనీర్లనూ పడగొట్టాయి. వేసవిలో నదిలో నీళ్లుండవు, వానాకాలంలో వరద. ఈలోపు 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కి పోయింది. 1871లో గోదావరి పడవ దారి పథకాన్ని వదిలేశారు.

ఇప్పుడు మా స్టేషన్ లింకు చెప్తా. ఆ తర్వాత మూడేళ్లకే, 1874లో, వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది. 1889కి ఆ లైను బెజవాడ చేరింది. అంటే నదిని ఓడించిన రైలే మా చిలకలగూడ పక్కన స్టేషన్ పెట్టింది. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇవాళ మనం రాజమండ్రి పోయి, అక్కడి నుంచి లాంచీ ఎక్కి, ఓడిపోయిన ఆ పాత రోడ్డును "టూరిజం" అని చూసి వస్తున్నాం. 1973లో బాపు గారి 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' చూసినవాళ్లకు ఆ ప్రయాణం తెలిసిందే.

సరే, పడవ దారి పథకం పోయింది. మరి ఆ గట్ల మీద ఉన్న మనుషుల సంగతేంటి? ఈ ఎపిసోడ్ చేసిందే ఈ ప్రశ్న కోసం.

అక్కడ కొండరెడ్లు ఉంటారు, కోయలు ఉంటారు. పోడు వ్యవసాయం, వెదురు పని, నదిలో చేపలు, ఇదీ వాళ్ల బతుకు. 1860లో నిజాం ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను బ్రిటిష్ వాళ్లకు ఇచ్చేశాడు. నది రాకపోకలు తమ చేతిలో ఉండాలని వాళ్ల ఆశ. ముందు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పెట్టారు, 1874లో మద్రాసులో కలిపారు. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మార్చారు. 2014లో తెలంగాణ వచ్చాక, పోలవరం ప్రాజెక్టు కోసం, భద్రాచలం పట్టణాన్ని ఇక్కడ ఉంచి చుట్టుపక్కల మండలాలను ఆంధ్రలో కలిపారు. అన్నిసార్లూ మ్యాప్ మీద గీత కదిలింది, ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది.

పోలవరంతో ఊరే కదలాల్సి వచ్చింది. డ్యామ్ పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ముంపు కింద ఇల్లు వదలాల్సిన కుటుంబాలు అధికారిక లెక్క ప్రకారమే లక్షకు పైగా. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, దాన్ని బట్టి ఆలోచించండి. కూనవరం, వీఆర్‌పురం వైపు ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. దేవీపట్నం దగ్గర లాంచీలోంచి మీరు సెల్ఫీ తీసుకుంటున్నప్పుడు, కింద ఎవరిదో వాకిలి ఉండి ఉండొచ్చు.

నేషనల్ పార్కుల కథ ప్రపంచంలో మొదటి నుంచీ ఇలాగే ఉంది. మన పడవ దారి ఆగిపోయిన మరుసటి ఏడే, 1872లో, యెల్లోస్టోన్‌ను నేషనల్ పార్క్ చేశారు. మనుషులు లేని అడవి అని ప్రచారం జరిగింది. నిజానికి అక్కడ షోషోనీ తెగలో టుకుడికా అనే శాఖ ఏడాది పొడవునా కాపురం ఉండేది. కొన్నేళ్లలోనే వాళ్లను రిజర్వేషన్‌కు పంపేశారు. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో నేషనల్ పార్క్ అయ్యాయి, విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లకు పైనే. పులులను, అడవిని కాపాడాలి, అందులో నాకు డౌట్ లేదు. కానీ నేషనల్ పార్క్ అంటే చట్టప్రకారం పశువుల మేత కూడా బంద్. అడవిని కాపాడే రూల్ అడవిలో పుట్టినవాడి మీదే ముందు పడుతుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఈ చలికాలం పదకొండు మందిమి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని పాపికొండలు పోదామని ప్లాన్. మా బాబాయి కొడుకు గాలి కొట్టే కయాక్ ఒకటి కొన్నాడు, గోదాట్లో దింపుతా అంటున్నాడు. మా పెద్దమ్మ అసలు నీళ్ల మాటే ఎత్తొద్దంటోంది. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. 51 మంది పోయారు. మన హైదరాబాద్ వాళ్లున్నారు, వరంగల్ వాళ్లున్నారు. ఆ రోజు నదిలో వరద 5 లక్షల క్యూసెక్కులకు పైనే. లీటర్లలో చెప్పాలంటే సెకనుకు కోటీ నలభై లక్షల లీటర్లు, ఇందాక చెప్పిన ఆ ఇరుకు దారిలోంచి. లాంచీని పైకి తీయడానికే ఐదు వారాలకు పైగా పట్టింది. మిగిలిన 26 మంది ఎలా బతికారో తెలుసా? దగ్గర్లోని తూటుగుంట గిరిజనులు తమ చిన్న చిన్న పడవలేసుకుని వచ్చి గట్టుకు చేర్చారు. పెద్ద లాంచీ మునిగిన చోటికి చిన్న పడవలు పోయాయి, ఎందుకంటే ఏ సుడి ఎక్కడ తిరుగుతుందో వాళ్లకు తెలుసు. పుస్తకాల్లో దొరికే చదువు కాదది. ఆ ఊళ్లన్నీ చెదిరిపోతే ఆ చదువు కూడా పోతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

అందుకే మా ఇంట్లో నేను చెప్పింది ఇది. పోదాం. కానీ వరద నెలల్లో కాదు, చలికాలంలోనే. పర్మిషన్ ఉన్న లాంచీ తప్ప ఎక్కొద్దు. భోజనానికి కూర్చున్నా సరే, లైఫ్ జాకెట్ విప్పొద్దు. సరంగు వద్దన్న చోటికి పోవద్దు. కయాక్ ఇంట్లోనే ఉంటుంది. నేషనల్ పార్క్‌లోకి అడుగు పెట్టాలంటేనే అటవీ శాఖ అనుమతి కావాలి, సొంత పడవ దించడం తర్వాతి మాట. తమ్ముడు అలిగాడు. పెద్దమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ "పేరంటాలపల్లి దాకా అయితే చూద్దాంలే" అంది. పేరంటాలపల్లిలో కొండరెడ్లు వెదురుతో చేసిన బొమ్మలు అమ్ముతారు. బేరం ఆడకుండా కొనాలని మాత్రం అందరం ఒప్పుకున్నాం.

మీరూ పోతే ఒక్క పని చేయండి. లాంచీలో డీజే పాట ఆగినప్పుడు ఆ సరంగునో, కళాసీనో అడగండి, "అన్నా, మీ ఊరు ఎక్కడ?" అని. కొంతమంది గట్టు వైపు వేలు చూపిస్తారు. కొంతమంది నీళ్ల వైపు చూపిస్తారు. వాళ్లు చెప్పేది ఫోన్ పక్కన పెట్టి వినండి.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.