పారిపోవడానికి పుట్టిన మాటలు: ఇంగ్లీషు పలాయన పదాల చరిత్ర

ఇంగ్లీషులో పారిపోవడాన్ని తెలిపే క్రియలలో మిక్కిలి పాతవాటిలో ఒకటి ‘ఫ్లీ’. వెయ్యేళ్ల కిందటి ప్రాచీనాంగ్లంలో ఈ మాటకూ, ఎగరడాన్ని తెలిపే ‘ఫ్లై’ పూర్వరూపానికీ పోలిక ఎంత దగ్గరగా ఉండేదంటే, వాడుకలో ఒకదాని చోట మరొకటి చేరి, ఎగిరిపోవడమూ పారిపోవడమూ చాలాకాలం కలగలిసి నడిచాయి. ఎగరడాన్ని చెప్పే హిందూస్తానీ ధాతువు తెలుగులోకి వచ్చి ‘ఉడాయించడం’గా స్థిరపడిన తీరు చూస్తే, ఈ రెండు భావాల చెలిమి ఒక్క భాషకే పరిమితం కాదని తెలుస్తుంది.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి పలుకుబడితో వచ్చిన పదాలలో ‘ఎస్కేప్’ ఒకటి. దీని మూలం వ్యావహారిక లాటిన్‌లో ‘బయటికి’ అనే ఉపసర్గ, పైన కప్పుకునే వస్త్రాన్ని తెలిపే ‘కప్పా’ అనే నామవాచకం కలిసిన క్రియ. వెంటపడినవాడు పైబట్ట పట్టుకుంటే, దాన్ని అతని చేతిలోనే వదిలేసి మనిషి జారుకున్న దృశ్యం ఆ మాటలో దాగి ఉంది. పలాయన పదాలలో పారిపోయినవాడి పక్షాన నిలిచే మాటలు తక్కువ. ‘ఎస్కేప్’ అటువంటిది, ఎందుకంటే అందులో నింద లేదు, ప్రాణం దక్కిందన్న ఊరట మాత్రమే ఉంది.

తక్కిన పదాలలో చాలావాటిని వెంటాడినవారో, వెనుక మిగిలినవారో మలిచారు. పెద్దలకు చెప్పకుండా ప్రేమికులు లేచిపోవడాన్ని నేడు తెలిపే ‘ఎలోప్’ మధ్యయుగపు న్యాయస్థానాల ఫ్రెంచిలోంచి వచ్చింది. అప్పట్లో అది భర్తను విడిచి మరొకరితో వెళ్లిన భార్య నేరానికి పేరు. 1285 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం అటువంటి స్త్రీకి, భర్త మరణానంతరం అతని భూమిలో రావలసిన మనోవర్తి హక్కు లేకుండా చేసింది. ‘ఎలోప్’ వెనుక ప్రేమకథ కన్నా ముందు ఒక ఆస్తి తగాదా ఉన్నదన్నమాట.

పదహారో శతాబ్దంలో చేరిన ‘అబ్‌స్కాండ్’ కూడా చట్టంతో ముడిపడినదే. లాటిన్‌లో దీని అర్థం పరుగు కాదు, దాచడం. ఆ పాత అర్థం భారతదేశపు క్రిమినల్ చట్టంలో ఇప్పటికీ సజీవంగా ఉంది: వారెంటుకు చిక్కకుండా పరారైనవాడినీ, దాక్కున్నవాడినీ అది ఒకే గాటన కడుతుంది. అటువంటివాడు హాజరు కావాలని కోర్టు ప్రకటన జారీచేసి, 30 రోజులకు తగ్గని గడువు ఇస్తుంది. దానిని అతని ఊరిలో నలుగురికీ వినబడేలా చదివి, అతని ఇంటికి అంటిస్తారు. తెలుగు పత్రికలు రాసే ‘పరారీలో ఉన్న నిందితుడు’ ఈ మాటకు పర్యాయమే.

పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి సైనిక పరిభాష నుంచి వచ్చిన ‘డీక్యాంప్’కు మొదట గుడారాలు పీకి తరలిపోవడమని మాత్రమే అర్థం, తెలుగులో ‘బిచాణా ఎత్తేయడం’ లాగానే అదీ క్రమంగా గుట్టుచప్పుడు కాని నిష్క్రమణకు మారింది.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఈ పదజాలం విశేషంగా పెరిగింది. 1830ల ప్రాంతంలో స్పానిష్ ‘వామోస్’, అంటే ‘పోదాం పదండి’ అనే పిలుపు, ‘వమూస్’గా మారి చడీచప్పుడు లేకుండా వెళ్లిపోవడమైంది. ఆ దశాబ్దంలోనే లాటిన్ ఠీవిని అనుకరిస్తూ ‘అబ్‌స్క్వాచులేట్’ను కల్పించారు, పిరికితనానికి పెద్దమాట తొడిగే ఈ పద్ధతి, ప్రభువుల పట్ల వాడవలసిన గౌరవక్రియను తగిలించి ‘పలాయనం చిత్తగించాడు’ అనే తెలుగువారికి సుపరిచితమే.

వీటన్నిటికన్నా ‘స్కెడాడిల్’ చరిత్ర గాఢమైనది. అంతర్యుద్ధం మొదలైన 1861లోనే ఈ మాట పత్రికలకెక్కింది. ఆ జూలై 21న బుల్ రన్ వద్ద ఓడిన ఉత్తరాది సేనలు వాషింగ్టన్ దారిపట్టినప్పుడు, యుద్ధం చూడవచ్చిన పౌరుల బండ్లు కూడా ఆ రద్దీలో చిక్కుకున్నాయి. అటువంటి చెదిరిన పరుగుకు సైనికులు పెట్టుకున్న పేరే ఇది. చెదరగొట్టడమనే గ్రీకు ధాతువుతో కొందరు పండితులు దీనిని ముడిపెట్టగా, కుండలోని పాలు తొణికి చిందిపోవడాన్ని స్కాట్లండు పల్లెల్లో ఇలాగే అంటారని మరికొందరు వాదించారు. గ్రీకు కన్నా ఒలికిన పాలే సైనికుల నోటికి దగ్గరగా తోస్తుంది. నిర్బంధ సైనిక సేవ తప్పించుకుని కెనడా చేరినవారిని ‘స్కెడాడ్లర్లు’ అన్నారు. న్యూ బ్రన్స్‌విక్‌లో వారు తలదాచుకున్న కొండప్రాంతానికి స్కెడాడిల్ రిడ్జ్ అన్న పేరు నిలిచిపోయింది.

‘ఎస్కేప్’కు మూలమైన లాటిన్ క్రియ ఇటాలియన్‌లో ‘స్కప్పారే’గా మారి, సర్కస్ వారి, ఊరూరా తిరిగే ఆటగాళ్ల రహస్య భాష ద్వారా ఇంగ్లండులో ‘స్కార్పర్’గా మళ్లీ అడుగుపెట్టింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆర్క్నీ దీవులలోని నౌకాస్థావరం స్కాపా ఫ్లో పేరు, ‘గో’ అనే మాటతో ప్రాస కుదరడం వల్ల లండన్ ప్రాసభాషలో చేరి, ఈ పదానికి కొత్త బలమిచ్చింది.

1920ల చివర అమెరికాలో వినవచ్చిన ‘స్క్రామ్’, అంటే ‘ఇక్కడినుంచి పో’ అనే గద్దింపు, ఎవరూ ఊహించని చోట స్థిరపడింది. 1942 డిసెంబరు 2న షికాగోలో తొలి అణురియాక్టరు పనిచేయడం మొదలైన నాటి బృందం, అత్యవసరంగా దానిని ఆపివేయడానికి ఈ పేరే పెట్టుకుంది. కంట్రోల్ రాడ్లు ఒక్కసారిగా రియాక్టరు గర్భంలోకి దిగి చర్య ఆగిపోవడాన్ని అణువిద్యుత్ కేంద్రాలలో ఇంజినీర్లు నేటికీ ‘స్క్రామ్’ అనే అంటారు.