శ్రీహరికోట – చంద్రాన్వేషణము

ఆంధ్రప్రదేశమున తిరుపతి జిల్లాలో, పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న దీవి శ్రీహరికోట. భారతదేశము ఇంతవరకు చంద్రునికడకు పంపిన మూడు నౌకలును ఈ దీవినుండియే బయలుదేరినవి. తూర్పున కనుచూపుమేర సముద్రమే యగుటచేత రాకెట్టు శకలములు జనావాసములపై పడునను భయము లేకుండుటయు, భూమధ్యరేఖకు చేరువగుటచేత భూభ్రమణవేగము రాకెట్టునకు కొంత తోడ్పడుటయు కారణములుగా 1969లో ఈ స్థలము ఎన్నుకొనబడెను. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అను చిన్న రాకెట్టుతో ప్రయోగములు మొదలయ్యెను. 2002 నుండి దీనికి సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రమని పేరు. అయినను చుట్టుపట్టుల జనులు నేటికిని పాతపేరగు ‘షార్’ అనియే వ్యవహరింతురు. ముఖ్యప్రయోగములకు ముందు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇస్రో) అధ్యక్షులు సూళ్లూరుపేటలోని చెంగాళమ్మ గుడికి పోయి మ్రొక్కుట ఆచారముగా వచ్చుచున్నది. గణితమునకును మ్రొక్కుబడికిని ఇచ్చట పొరపొచ్చెము లేదు.

చంద్రయాత్ర మొదట అమెరికా, సోవియట్ రాజ్యముల వైరమునుండి పుట్టినది. 1976లో లూనా-24 చంద్రుని మట్టిని తెచ్చిన పిదప ఆ వైరము చల్లారి, చాలకాలము చంద్రుని జోలికి పోవువారే కరవైరి. 1990లో జపాను ‘హితెన్’ను పంపి ఆ మౌనమును భంగపరచెను. అటుపిమ్మట 2007 సెప్టెంబరున జపాను ‘కగుయా’ను, అక్టోబరున చైనా ‘చాంగె-1’ను, 2008 అక్టోబరు 22న భారతదేశము చంద్రయాన్-1ను ప్రయోగింపగా, ఏడాది పైచిల్లర కాలములోనే మూడు ఆసియాదేశములు చంద్రుని ముంగిట నిలిచినవి. పత్రికలు దీనిని ఆసియా పందెమని వర్ణించినవి. అది సగము సత్యము మాత్రమే. ఏలయన చంద్రయాన్-1లోని 11 పరికరములలో 5 మాత్రమే స్వదేశీయములు, తక్కిన 6 అమెరికా, ఐరోపా, బల్గేరియాలనుండి వచ్చినవి. 2008 నవంబరు 14న మన త్రివర్ణపతాకమును ధరించిన తాడనపరికరము దక్షిణధ్రువప్రాంతమున పడెను. చంద్రునిమీద నీటి అణువుల జాడ కలదని 2009లో లోకము ఒప్పుకొనుటకు ముఖ్యాధారమైనది అదే నౌకలోని అమెరికా పరికరము. ఆ కీర్తిని విడదీసి పంచుట ఎవరితరము?

చంద్రాన్వేషణపు స్పర్ధలో మిక్కిలి విచిత్రమైన ఘట్టము భారత రష్యాలది. 2007లో కుదిరిన ఒప్పందము ననుసరించి చంద్రయాన్-2కు కావలసిన ల్యాండరును రష్యా నిర్మించి యీయవలసియుండెను. కాని 2011లో అంగారకుని ఉపగ్రహమునకై బయలుదేరిన రష్యా నౌక ఫోబోస్-గ్రంట్ విఫలమగుటతో, ఆ ల్యాండరును మరల పరీక్షింపవలసివచ్చి కాలము జరుగుచుండగా, భారతదేశము తానే దానిని నిర్మించుకొనుటకు నిశ్చయించెను. అట్లు పుట్టిన విక్రమ్ 2019 సెప్టెంబరు 7 వేకువను చంద్రతలమునకు కూతవేటు దూరమున అదుపుతప్పి కూలిపోయెను. దానిని మోసికొనిపోయిన ఆర్బిటరు మాత్రము చెక్కుచెదరక పనిచేయుచు వచ్చెను.

లోపములు సవరించి 2023 జూలై 14న చంద్రయాన్-3ను ఎల్‌వీఎం-3 వాహకముపై పంపిరి. ఆ వాహకశక్తి మితమగుటచేత నౌక భూమిచుట్టు దీర్ఘవృత్తకక్ష్యలలో తిరుగుచు, చుట్టుచుట్టునకు ఎత్తు పెంచుకొని, ఆగస్టు 5న గాని చంద్రకక్ష్యను చేరలేదు. ఇంతలో ఆగస్టు 11న రష్యా, 47 సంవత్సరముల విరామానంతరము, లూనా-25ను పంపగా అది తిన్ననిదారిని ఐదుదినములలో చంద్రకక్ష్య ప్రవేశించెను. తమకు పోటీగా వచ్చుచున్న నౌకకు ఇస్రో బహిరంగముగా శుభాకాంక్షలు పలికెను. ఎవరు ముందు దిగుదురో యని లోకమెల్ల ఎదురుచూచుచుండగా, ఆగస్టు 19న కక్ష్యను మార్చుతరి 84 సెకనులు మండవలసిన రష్యా ఇంజను 127 సెకనులు మండుటచే లూనా-25 నేలగూలెను. 23వ తేదీ సాయంకాలము 6 గంటలు దాటిన కొలదినిమిషములకు చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండరు సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశమున మెల్లగా వ్రాలెను. దక్షిణధ్రువమునకు అంత చేరువగా సురక్షితముగా దిగుట అదియే ప్రథమము. చంద్రునిపై మృదువుగా దిగిన నాలుగవ దేశము భారతదేశము. రష్యా అంతరిక్ష సంస్థయు అభినందనలు తెలిపినది. మందగమనము గెలిచెనని కొందరు చమత్కరించిరి గాని, నిదానపు త్రోవ త్రొక్కినది వాహకబలము చాలకయే గాని తత్త్వవిచారమున గాదు.

విక్రమ్ మోసికొనిపోయిన 26 కిలోల ప్రజ్ఞాన్ రోవరు గంధకపు ఉనికిని నిర్ధారించెను. అది పరిశీలించిన మట్టి కూర్పు, చంద్రుడు పూర్వము కరగిన శిలాసముద్రముగా నుండెనను సిద్ధాంతమునకు బలము చేకూర్చినదని 2024లో ప్రకటితమయ్యెను. విక్రముపై అమర్చిన నాసా పరావర్తకమును 2023 డిసెంబరులో అమెరికా ఆర్బిటరు లేజరు కిరణముతో గుర్తించెను.

ఇతర దేశములును ఈ మార్గమున నడచుచున్నవి. ఇజ్రాయెల్ ల్యాండరు 2019లో, అరబ్ ఎమిరేట్ల ‘రషీద్’ను మోసిన జపాను ల్యాండరు 2023లో కూలినవి, దక్షిణకొరియా ‘దనూరి’ 2022 నుండి చంద్రుని చుట్టివచ్చుచున్నది, 2024 జనవరిలో జపాను ‘స్లిమ్’ తలక్రిందులుగానైనను గమ్యము చేరెను. చైనాతో మాత్రము భారతదేశమునకు ఇట్టి చెలిమి అంతగా లేదు. ఆ దేశము రష్యాతో కూడి చంద్రస్థావరము తలపెట్టగా, భారతదేశము 2023 జూన్‌లో అమెరికా ఆర్టెమిస్ ఒడంబడికపై సంతకము చేసెను.

జపానుతో తలపెట్టిన చంద్రయాన్-5కు 2025లో అనుమతి లభించినది. ల్యాండరు భారతదేశముది, రోవరు జపానుది. మట్టిని తెచ్చుటకు ఉద్దేశింపబడిన చంద్రయాన్-4 భాగములు రెండు రాకెట్లపై వేర్వేరుగా పోయి అంతరిక్షమున కలిసికొనవలసియుండును. ఆ కూడికకు వలయు విద్యను ఇస్రో 2025 జనవరి 16న స్పేడెక్స్ జంట ఉపగ్రహములతో సాధించినది.