ఐదు సర్కార్లు దాటిన వజీఫా

నిజాం జమానా ముగిసే ముందు, 1947లో, తాండూరు ఠాణాలో జవానుగా చేరిన ఒక మనిషిని ఊహించుకుందాం. బదిలీ లేకుండా అక్కడే ఉండి ఉంటే, పదేళ్లు నిండేలోపే అతడు ఐదు సర్కార్ల ఉప్పు తిన్నట్టు లెక్క. మొదటిది ఏడో నిజాం ప్రభుత్వం. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ ప్రభుత్వం వచ్చింది. 1950 జనవరిలో ఎం.కె. వెల్లోడి, 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. ఆ చివరి మార్పుతో అతడి జిల్లా కూడా మారిపోయింది. అప్పటిదాకా గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరు తాలూకా తెలుగు రాష్ట్రానికి వచ్చి హైదరాబాదు జిల్లాలో కలిసింది. ఉర్దూ దఫ్తరు పోయింది. నిజాం నాణెం హాలీ సిక్కా పోయి భారత ప్రభుత్వ కల్దారు రూపాయి వచ్చింది, ఏడు హాలీకి ఆరు కల్దారు చొప్పున.

ఇన్ని మారినా అతడి నౌకరీ లెక్క మాత్రం తెగలేదు. పాత ప్రభుత్వం కింద చేసిన ఏళ్లను కొత్త ప్రభుత్వం కలుపుకొని, వయసు మీరినప్పుడు వజీఫా ఇవ్వాలన్నది ఆనాటి ఒప్పందం. వికారాబాదు, తాండూరు ప్రాంతంలో పోలీసు పింఛను చరిత్ర చూస్తే ఆశ్చర్యం కలిగించేది ఇదే. రాజ్యాలు కూలినప్పుడు కూడా నిలిచిన మాటకు, ఏ యుద్ధమూ ఏ విలీనమూ లేని 2004లో ఒక ప్రభుత్వ ఉత్తర్వు గండి కొట్టింది.

హైదరాబాదు రాజ్యంలో జీతం తీసుకునే జిల్లా పోలీసు వ్యవస్థ మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో వచ్చింది. 1865లో జిలాబందీ జరిగి జిల్లాలు ఏర్పడ్డాక కోత్వాలీ (పోలీసు) శాఖ రూపు కట్టింది. ఠాణాకు అమీన్, అతడి కింద జమేదారు, జవాన్లు. ఈ ప్రాంతపు పల్లెల్లో ఇప్పటికీ పెద్దవాళ్లు ఎస్సైని అమీన్ సాబ్ అనే పిలుస్తారు. అమీన్‌గా అడుగుపెట్టిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి 1920లో హైదరాబాదు నగర కోత్వాలు అయి 1934 దాకా ఆ పదవిలో ఉన్నారు. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఎక్కగలిగే నౌకరీ, చివర వజీఫా: సర్కారీ కొలువుకు ఆ రోజుల్లో అంత గిరాకీ ఉండటానికి కారణం ఈ రెండే.

అయితే వికారాబాదు కథ వేరు. ఆ ఊరి పేరే నవాబు వికారుల్ ఉమ్రాది. ఫలక్‌నుమా కట్టించిన, పాయెగా అనే పెద్ద జాగీరుకు ప్రభువు ఆయన, 1893 నుంచి 1901 దాకా నిజాం ప్రధానమంత్రి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వేసిన రైలుదారి తాండూరు, వికారాబాదుల మీదుగానే సాగింది. రైలు వచ్చినా పాయెగా ఇలాకాలు తమ సొంత పోలీసులను, సొంత కచేరీలను నడుపుకొన్నాయి. నిజాం నేరు పాలనలోని దివానీ ఇలాకా పోలీసుకు సర్కారు ఖజానా దిక్కు, జాగీరు జవానుకు జాగీరు ఖజానా దిక్కు. ఒకే రైలుదారి పక్కన, ఒకే పని చేసే ఇద్దరి ముసలితనం ఇద్దరు వేరు వేరు యజమానుల చేతుల్లో ఉండేది.

ఇక ఊళ్లలో పోలీసు పటేలు. శాంతిభద్రతల తొలి కబురు ఠాణాకు చేరవేసేది ఆయనే. ఆయన కింద ఊరి కావలి కాసే సేత్‌సింధీలు, వెట్టివాళ్లు ఉండేవారు. పటేలుది వంశపారంపర్య హోదా కాబట్టి ముసలితనంలో పదవి కొడుక్కు దక్కేది, ఇల్లు గడిచేది. కింది వెట్టివాళ్లకు ఆ దన్ను కూడా లేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. దాంతో పోలీసు పటేలు అన్న మాట చరిత్రలోకి వెళ్లిపోయింది.

పింఛను అంటే దొర దయ అన్న భావన అప్పట్లో ఒక్క నిజాం రాజ్యానిదే కాదు. బ్రిటిష్ ఇండియా 1871లో చేసిన పింఛన్ల చట్టం, పింఛను గురించి సివిల్ కోర్టులో దావా వేసే దారినే మూసింది. ఇంగ్లండులో సైతం పోలీసుకు పింఛను అధికారుల ఇష్టాయిష్టాల మీద నడిచేది. 1890 నాటి పోలీసు చట్టంతోనే అక్కడి కానిస్టేబుళ్లకు 25 ఏళ్ల సర్వీసు తర్వాత పింఛను హక్కుగా దక్కింది. రాత్రీ పగలూ తేడా లేని కొలువుకు, ఒంట్లో సత్తువ ఉన్నంతకాలమే చేయగలిగే పనికి, ముందే మాట ఇచ్చి తీరాలని లండన్ కూడా అంత ఆలస్యంగా ఒప్పుకుంది.

1949 ఆగస్టు 15న హైదరాబాదులో జాగీర్ల రద్దు అమల్లోకి వచ్చింది. పాయెగాలతో సహా జాగీర్ల పాలన ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆదాయం పోయిన జాగీరుదార్లకు ప్రభుత్వం ఊరికే చేతులు దులుపుకోలేదు, మరుసటి ఏడాది చట్టం చేసి పరిహారం లెక్కకట్టింది. ప్రజల కష్టం మీద బతికిన ప్రభువులకు ఇచ్చిన ఆ మర్యాద, ముప్పై ఏళ్లు లాఠీ పట్టుకుని గస్తీ తిరిగిన జవానుకు దక్కడంలో అభ్యంతరం ఉండకూడదు.

1956లో దక్కింది కూడా. రాష్ట్రాల పునర్విభజన చట్టం 115వ సెక్షన్, కొత్త రాష్ట్రానికి వచ్చే ఉద్యోగుల సర్వీసు షరతులను కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా వారికి నష్టం కలిగేలా మార్చకూడదని కట్టడి చేసింది. గుల్బర్గా నుంచి తాండూరుతో పాటు వచ్చిన వారికి ఆ రక్షణ వర్తించింది. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు పునర్విభజన చట్టంలో అదే కట్టడి మళ్లీ వచ్చింది. పింఛన్ల భారాన్ని రెండు రాష్ట్రాలూ ఎలా పంచుకోవాలో ఎనిమిదో షెడ్యూలు చెప్పింది. 2016 అక్టోబరు 11న వికారాబాదు సొంతంగా జిల్లా అయింది. సరిహద్దులు ఎన్నిసార్లు గీసినా సర్వీసు రిజిస్టరు ఆగలేదు.

మధ్యలో ఒక్కసారి మాత్రం గట్టి కుదుపు వచ్చింది. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. నెలాఖరుకు 55 దాటిన వాళ్లంతా ఒక్క దెబ్బన ఇంటికి వెళ్లారు. ఉద్యోగులు సమ్మెకు దిగారు, కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు 1985లో ప్రభుత్వ అధికారాన్ని సమర్థించినా, ఈలోపే వయసు తిరిగి 58కి పెరిగింది. మధ్యలో బలైన వారికీ న్యాయం చేయాలని అదే కోర్టు ఆ ఏడాదే మరో తీర్పులో చెప్పింది. ఒక ఉత్తర్వుతో వేల కుటుంబాల లెక్కలు తలకిందులు చేయడం ఎంత తేలికో, దిద్దడం ఎంత కష్టమో తెలుగునాడుకు అప్పుడే తెలిసివచ్చింది.

అప్పటికే న్యాయస్థానం పింఛను గురించి మాట్లాడే తీరు మారిపోయింది. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు పింఛను ఉద్యోగి ఆస్తి అని తేల్చింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో జస్టిస్ డి.ఎ. దేశాయ్ రాసిన తీర్పు, పింఛను యజమాని దయాభిక్ష కాదనీ గతంలో చేసిన సేవకు దక్కే హక్కనీ స్పష్టం చేసింది. ఏటా ఆ తేదీన పింఛనుదార్ల దినోత్సవం జరిగేది అందుకే.

2004 సెప్టెంబరు 22న ఉమ్మడి రాష్ట్ర ఆర్థిక శాఖ 653 నంబరు జీవో ఇచ్చింది. ఆ నెల 1 నుంచి చేరే వారికి పాత పింఛను లేదు, కాంట్రిబ్యూటరీ పింఛను పథకమే (సీపీఎస్) దిక్కు. పాత పద్ధతిలో 33 ఏళ్ల సర్వీసుకు చివరి జీతంలో సగం పింఛను, దాని మీద కరువు భత్యం, మనిషి పోతే భార్యకు కుటుంబ పింఛను. కొత్త పద్ధతిలో మూలవేతనం, కరువు భత్యాల్లో పది శాతం ఉద్యోగి కట్టాలి, ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. డబ్బు మార్కెట్లో పెరుగుతుందో తరుగుతుందో ఎవరూ పూచీ ఇవ్వరు.

చిన్న లెక్క చూద్దాం. సీపీఎస్ కింద ఒక హెడ్ కానిస్టేబుల్ దిగిపోయేనాటికి ఖాతాలో 50 లక్షలు జమయ్యాయనుకుందాం. 60 శాతం చేతికి వస్తుంది. మిగతా 20 లక్షలతో యాన్యుటీ కొనాలి. ఏడాదికి ఆరు శాతం రాబడి ఉంటే నెలకు 10 వేలు. అతడి చివరి మూలవేతనం 80 వేలు అయితే పాత పద్ధతిలో పింఛను 40 వేలు, పైగా కరువు భత్యం. చేతికొచ్చిన 30 లక్షలు ఉన్నాయి కదా అనొచ్చు. కూతురి పెళ్లి, ఇంటి అప్పు తీరాక అందులో ఎంత మిగులుతుందో పోలీసు క్వార్టర్స్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. నెల నెలా వచ్చే ఆ పదివేలకు మాత్రం ధరలతో పాటు పెరిగే గుణం లేదు.

మిగతా ఉద్యోగులు సీపీఎస్ మీద రోడ్డెక్కగలరు. పోలీసు ఎక్కలేడు. 1966 నాటి పోలీసు దళాల హక్కుల పరిమితి చట్టం అతడిని అనుమతి లేకుండా సంఘంలో చేరనివ్వదు, ప్రదర్శనలో నడవనివ్వదు, పత్రికలతో మాట్లాడనివ్వదు. ఉపాధ్యాయులు పాత పింఛను కోసం ధర్నాకు కూర్చున్న చోట బారికేడ్ల దగ్గర కాపలా నిలబడే కానిస్టేబుల్ కూడా, 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాడైతే, అదే సీపీఎస్ బాధితుడు. 2024 అక్టోబరులో ప్రత్యేక పోలీసు బెటాలియన్ల జవాన్ల బాధలు చెప్పుకోవడానికి భార్యాపిల్లలు రోడ్డు మీదికి రావలసి వచ్చింది. ఆ వ్యవహారంలో 39 మంది సస్పెండ్ అయ్యారు, పది మందిని ఉద్యోగం నుంచే తీసేశారు. నోరు విప్పే వీలు లేని వాళ్ల పింఛనును కోయడం ప్రభుత్వానికి అన్నింటికన్నా తేలిక. అందుకే అది అన్నింటికన్నా అన్యాయం.

కరోనా కాలం ఈ సంగతిని ఇంకా నగ్నంగా చూపింది. 2020 మార్చి చివర తెలంగాణ ప్రభుత్వం జీతాలు, పింఛన్లలో కోత పెట్టింది. పింఛనుదార్లకు సగం, నాలుగో తరగతి వారికి పది శాతం. లాక్‌డౌన్‌లో నడిరోడ్డు మీద నిలబడ్డ పోలీసులకు మాత్రం పూర్తి జీతం, దాని మీద పది శాతం ప్రోత్సాహకం ప్రకటించింది. అది సబబే. కానీ నిన్నటిదాకా అదే రోడ్డు మీద నిలబడి దిగిపోయిన పోలీసుకు సగం పింఛనే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి వాయిదా మీదే ఒక విశ్రాంత జిల్లా జడ్జి కోర్టుకు వెళ్లగా, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు బకాయిలను ఆరు శాతం వడ్డీతో కట్టమంది.

కోతకు ఇంకో రూపం ఆలస్యం. 2021 మార్చిలో తెలంగాణ పదవీ విరమణ వయసును 61కి పెంచింది, గ్రాట్యుటీ పరిమితిని 12 లక్షల నుంచి 16 లక్షలకు తెచ్చింది. దాంతో మూడేళ్లు విరమణలు దాదాపు ఆగిపోయి, 2024 మార్చి నుంచి ఒక్కసారిగా మొదలయ్యాయి. గ్రాట్యుటీ, కమ్యూటేషన్, సెలవుల నగదు కోసం నెలల తరబడి ఎదురుచూపులు తప్పలేదు. చాలామంది హైకోర్టుకు వెళ్లారు. 2025 జూన్‌లో మంత్రివర్గం ఉద్యోగుల పెండింగ్ బిల్లులకు నెలకు 700 కోట్లు విడుదల చేయాలని తీర్మానించాల్సి వచ్చిందంటే బకాయి ఎంత పేరుకుందో ఊహించవచ్చు. అయినా పింఛను, గ్రాట్యుటీ ఆస్తి హక్కు కిందికే వస్తాయనీ, చట్టం అండ లేకుండా వాటిని ఆపకూడదనీ 2013లోనే జార్ఖండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది.

ఖజానా వాదనను కొట్టిపారేయలేం. పాత పద్ధతికి తిరిగి వెళ్తే రాష్ట్రాల ఆర్థిక స్థితికి ముప్పని రిజర్వు బ్యాంకు 2023 జనవరిలో హెచ్చరించింది. రాజస్థాన్, హిమాచల్ వంటి రాష్ట్రాలు వెనక్కి మళ్లాలని చూస్తే, ఇప్పటికే జమైన సొమ్ము తిరిగి ఇవ్వడానికి నిబంధన లేదని కేంద్రం చెప్పింది. అయితే పశ్చిమ బెంగాల్ అసలు కొత్త పథకంలో చేరనే లేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో చివరి మూలవేతనంలో సగానికి హామీ ఇస్తూ గ్యారంటీడ్ పెన్షన్ సిస్టమ్ (జీపీఎస్) చట్టం తెచ్చింది. కేంద్రం కూడా 2025 ఏప్రిల్ 1 నుంచి 25 ఏళ్ల సర్వీసుకు చివరి ఏడాది సగటు మూలవేతనంలో సగం ఇస్తామని ఏకీకృత పింఛను పథకం పెట్టింది. హామీ లేని పింఛను పనికిరాదని దీనితో ఢిల్లీయే ఒప్పుకున్నట్టయింది. భారం నిజమే, కానీ దాన్ని మోయాల్సింది ఎవరన్న ప్రశ్నకు ఇరవై ఏళ్లుగా ఒకే సమాధానం వస్తోంది: కొత్తగా చేరిన జవాను.

వికారాబాదు జిల్లాలోని కొడంగల్ నుంచి గెలిచిన రేవంత్ రెడ్డి 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ ప్రణాళిక సీపీఎస్ రద్దు చేసి పాత పింఛను తెస్తామంది. ఆ మాట అమలుకు పోలీసుల నుంచి మొదలుపెట్టడమే న్యాయం, ఎందుకంటే అడిగే హక్కు చట్టప్రకారం లేనిది వారికే. దానికంటే ముందు చేయగలిగిన పని మరొకటి ఉంది: తాండూరు, వికారాబాదు ఠాణాల నుంచి ఈ నెలాఖరుకు దిగిపోయే ప్రతి పోలీసుకూ గ్రాట్యుటీ, కమ్యూటేషన్ సొమ్ము ఆ రోజే ఖాతాలో వేయడం.