కొద్ది నిమిషాల కొలువు: సైన్స్ కాంగ్రెస్‌లో యువ జీవశాస్త్రజ్ఞుల పురస్కారాలు

1865వ సంవత్సరం ఫిబ్రవరి 8వ తేదీ సాయంత్రం, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని బ్రున్ నగరంలో ప్రకృతి పరిశోధక సంఘం సమావేశమయింది. ఎనిమిదేళ్లపాటు బఠాణీ మొక్కలను సంకరపరచి, వాటి సంతతిని లెక్కించిన ఒక మఠవాసి ఆనాడు తన పరిశోధనలోని మొదటి భాగాన్ని చదివి వినిపించాడు. మార్చి 8న రెండవ భాగం చదివాడు. మరుసటి సంవత్సరం ఆ వ్యాసం అచ్చయింది. అయినా గ్రెగర్ మెండెల్ ప్రతిపాదించిన అనువంశిక సూత్రాల విలువ లోకానికి తెలిసివచ్చింది 1900లో. అప్పటికి ఆయన కన్నుమూసి 16 ఏళ్లు గడిచాయి. శ్రోతలు లేకపోవడం కాదు, విన్నదానిని గుర్తించగల ఏర్పాటు లేకపోవడమే ఆ నష్టానికి కారణం.

శాస్త్రజ్ఞుల సభలలో కొత్త పరిశోధకునికి కొద్ది నిమిషాల వ్యవధి ఇవ్వడం, విషయనిపుణులు ఆ ప్రసంగాన్ని విని ప్రశ్నించడం, ఉత్తమమైన దానికి పురస్కారం ప్రకటించడం నేడు సర్వసాధారణమైన ఆచారాలు. వీటి వెనుక దీర్ఘమైన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో భారతదేశానికి సంబంధించిన అధ్యాయం ప్రధానంగా ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌తో ముడిపడినది.

మహాసభకు అంకురార్పణ

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు చెందిన సైమన్‌సెన్, లక్నో కానింగ్ కళాశాలకు చెందిన మక్‌మెహన్ అనే ఇద్దరు ఆంగ్ల రసాయన శాస్త్రవేత్తల ఆలోచన ఈ సంస్థకు మూలం. బ్రిటిష్ అసోసియేషన్ తరహాలో భారతదేశంలోని పరిశోధకులు కూడా ఏటా ఒకచోట కలుసుకుంటే పరిశోధనకు ఉత్తేజం లభిస్తుందని వారు భావించారు. 1914 జనవరి 15 నుంచి 17 వరకు కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ భవనంలో ప్రథమ సమావేశం జరిగింది. కలకత్తా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు అశుతోష్ ముఖర్జీ అధ్యక్షత వహించారు. హాజరైనవారు 105 మంది, సమర్పితమైన పత్రాలు 35. వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, మానవజాతి శాస్త్రం, భూగర్భశాస్త్రం, భౌతికశాస్త్రం, జంతుశాస్త్రం అనే ఆరు విభాగాలుగా చర్చలు సాగాయి. అంటే జీవరాశిని గురించిన అధ్యయనానికి మొదటినాటి నుంచే ఈ మహాసభలో సముచిత స్థానం లభించిందన్నమాట.

మూడు రోజులలో 35 పత్రాలను వినడం కష్టం కాదు. ప్రతి పత్రానికి తీరికగా చర్చ జరిపే అవకాశం ఉండేది. పరిశోధకుల సంఖ్య స్వల్పం కావడం వల్ల అందరూ అందరికీ పరిచితులే. అటువంటి సభలో ప్రత్యేకించి యువకుల కోసం పోటీ పెట్టవలసిన అవసరం ఎవరికీ తోచలేదు.

తెలుగునాట సమావేశాలు

ఊరూరా తిరిగే సభ కావడం సైన్స్ కాంగ్రెస్ విశిష్టత. హైదరాబాదులో 1937, 1954, 1967, 1979, 1998, 2006 సంవత్సరాలలోను, విశాఖపట్నంలో 1976, 2008 సంవత్సరాలలోను, తిరుపతిలో 1983, 2017 సంవత్సరాలలోను ఈ మహాసభలు జరిగాయి. వీటిలో కొన్నింటికి జీవశాస్త్రజ్ఞులే అధ్యక్షులు కావడం గమనార్హం.

1937 హైదరాబాదు సభకు అధ్యక్షత వహించిన టి.ఎస్.వెంకటరామన్ కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో చెరకును అడవిజాతి రెల్లుతో సంకరపరచి, ఉత్తర భారతపు చలిని, తెగుళ్లను తట్టుకొనే వంగడాలను అభివృద్ధి చేసినవారిలో అగ్రగణ్యుడు. 1954 హైదరాబాదు సభాధ్యక్షులు సుందర్ లాల్ హోరా మత్స్యశాస్త్ర పండితుడు. మలయా ప్రాంతపు చేపజాతులకు బంధువులైనవి దక్షిణ భారతపు సెలయేళ్లలో ఎలా కనిపిస్తున్నాయన్న ప్రశ్నకు సాత్పురా పర్వతశ్రేణి మీదుగా వాటి వలస జరిగి ఉంటుందని ఆయన సమాధానం ప్రతిపాదించాడు. 1976లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆతిథ్యమిచ్చిన వాల్తేరు సభకు ఎం.ఎస్.స్వామినాథన్ అధ్యక్షులు. విభాగాలన్నీ ఒకే జాతీయ సమస్యపై చర్చ జరిపే సంప్రదాయం ఆ సభతోనే ఆరంభమయింది. విజ్ఞానశాస్త్రం, సమగ్ర గ్రామీణాభివృద్ధి అన్నది ఆనాటి ప్రధానాంశం.

రద్దీ తెచ్చిన మార్పు

స్వాతంత్ర్యానంతరం విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు పెరిగాయి. వాటితోపాటు పత్రాలూ పెరిగాయి. గంటసేపు విషయాన్ని వివరించే వ్యవధి పేరుపొందిన ఆచార్యులకు మాత్రమే మిగిలింది. పరిశోధక విద్యార్థికి దక్కేది పది పదిహేను నిమిషాలు. అందులోనే సమస్య, పద్ధతి, ఫలితం, నిర్ధారణ చెప్పాలి, ప్రశ్నలకు జవాబివ్వాలి.

ఈ ఇబ్బంది భారతదేశానికే పరిమితమైనది కాదు. ఇతర దేశాల జీవరసాయన శాస్త్రజ్ఞులు దీనికి ఒక పరిష్కారం కనుగొన్నారు. పరిశోధన సారాన్ని పటాలతో, పట్టికలతో ఒక పెద్ద కాగితంపై అమర్చి గోడకు తగిలించడం, దాని పక్కన పరిశోధకుడు నిలబడి వచ్చినవారికి వివరించడం ఆ పద్ధతి. 1969లో మాడ్రిడ్‌లో జరిగిన యూరోపియన్ జీవరసాయన సంఘాల సమాఖ్య సమావేశంలోను, 1974లో అమెరికాలోని మినియాపొలిస్‌లో జరిగిన జీవరసాయన, జీవభౌతిక శాస్త్రాల సమావేశంలోను ఈ పోస్టర్ల సదస్సులు ప్రవేశించాయి. అనతికాలంలోనే ఇవి సర్వత్రా వ్యాపించాయి. ఒక్కొక్కరు వరుసగా మాట్లాడే సభలో పదిమందికి పట్టే సమయంలో పోస్టర్ల మందిరంలో వందమంది తమ పరిశోధనను చూపగలుగుతున్నారు. సైన్స్ కాంగ్రెస్ సైతం కాలక్రమంలో ఉత్తమ పోస్టర్లకు బహుమతులు ఏర్పాటు చేసింది.

1981: యువశాస్త్రజ్ఞుల కార్యక్రమం

యువ పరిశోధకులను ప్రత్యేకంగా గుర్తించే ప్రయత్నం దేశంలో అప్పటికే మొదలయింది. భారత జాతీయ విజ్ఞాన అకాడమీ 1974లో యువశాస్త్రజ్ఞుల పతకాన్ని నెలకొల్పింది. అయితే అది నామినేషన్ల ద్వారా జరిగే ఎంపిక. అభ్యర్థి కృషిని ఎరిగిన పెద్దలు అతని పేరు సూచించాలి. సైన్స్ కాంగ్రెస్ 1981లో ప్రారంభించిన కార్యక్రమం ఇందుకు భిన్నమైనది. ఇక్కడ అభ్యర్థే స్వయంగా తన పత్రాన్ని పంపుకొంటాడు. ఎంపికైతే సభలో నిలబడి దానిని సమర్థించుకొంటాడు.

1981లో వారణాసి సభకు అధ్యక్షత వహించిన అరుణ్ కుమార్ శర్మ కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన ప్రఖ్యాత కణజన్యుశాస్త్రజ్ఞులు. ఆయన, ఆయన సతీమణి అర్చనా శర్మ కలిసి క్రోమోజోముల అధ్యయన పద్ధతులపై రచించిన గ్రంథం దేశవిదేశాలలో పరిశోధకులకు కరదీపిక అయింది. అర్చనా శర్మ 1987 బెంగుళూరు సభకు అధ్యక్షత వహించారు. అంతకు పూర్వం 1975లో, మొక్కల నుంచి లభించే రసాయనాలపై విశేష కృషి చేసిన అసీమా చటర్జీ సైన్స్ కాంగ్రెస్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. ప్రయోగశాలలోకి అడుగుపెడుతున్న తరం తమ ముందు చూసిన ఉదాహరణలు ఇవి.

యువశాస్త్రజ్ఞుల పురస్కారానికి తరువాతి దశాబ్దాలలో అమలైన నిబంధనలు సరళమైనవి, కఠినమైనవి కూడా. అభ్యర్థి వయస్సు 32 సంవత్సరాలు మించరాదు. పరిశోధన భారతదేశంలోనే జరిగి ఉండాలి. ఆ విషయాన్ని సంస్థాధిపతి ధ్రువీకరించాలి. పత్రానికి ఒక్కరే రచయితగా ఉండాలి. ముందుగా పంపిన పూర్తి పత్రాల నుంచి కొన్నింటిని ఎంపిక చేసి, వాటిని ఆయా విభాగాలలో న్యాయనిర్ణేతల ఎదుట చదివిస్తారు. విజేతకు యోగ్యతాపత్రంతోపాటు తరువాతి కాలంలో 25,000 రూపాయల నగదు బహూకరించేవారు. వృక్షశాస్త్రాలు, జంతు, పశువైద్య, మత్స్య శాస్త్రాలు, వైద్యశాస్త్రాలు, వ్యవసాయ, అటవీ శాస్త్రాలు, జీవరసాయన, జీవసాంకేతిక శాస్త్రాలతో కూడిన నవ్య జీవశాస్త్రం వంటి విభాగాలుండడం వల్ల జీవశాస్త్రజ్ఞులకు అనేక ద్వారాలు తెరుచుకున్నాయి.

పురస్కారం ప్రయోజనం

నగదు మొత్తం ఒక పరికరం కొనడానికైనా చాలదు. అయినప్పటికీ ఈ పురస్కారానికి గౌరవం లభించడానికి కారణాలున్నాయి. పేరుపొందిన జాతీయ సంస్థలలో పనిచేసే పరిశోధకునికి అండగా సంస్థ కీర్తి ఉంటుంది, మార్గదర్శకుని పలుకుబడి ఉంటుంది. జిల్లా కేంద్రంలోని విశ్వవిద్యాలయంలో, ఉన్న ఒక్క సూక్ష్మదర్శినిని నలుగురితో పంచుకొని పనిచేసే విద్యార్థికి అవి ఉండవు. ఆ విద్యార్థి పనిని ఎరుగని నిపుణులు మొదటిసారిగా వినే చోటు ఈ సభ. వేరుశనగ తెగులుపైనో, చెరువు చేపలపైనో చేసిన పని, అందులో బలముంటే, మహానగర ప్రయోగశాలలో జరిగిన పనితో సమానంగా తూగగలదని నిరూపించుకొనే అవకాశం ఆ కొద్ది నిమిషాలలో ఉన్నది.

లోపాలు లేకపోలేదు. ఆధునిక జీవశాస్త్రం సమష్టి కృషి. ఒక జన్యుక్రమాన్ని నిర్ధారించడానికి ప్రయోగం చేసేవారు, గణించేవారు, నమూనాలు సేకరించేవారు కలిసి పనిచేయాలి. అటువంటప్పుడు ఒక్కరే రచయిత కావాలన్న నిబంధన యువకుని స్వతంత్ర ప్రతిభను నిర్ధారించడానికి ఉపకరించినా, సహచరుల పాలును మరుగుపరచే ప్రమాదం ఉన్నది. వాక్చాతుర్యం, ఆంగ్లభాషా సౌలభ్యం విషయబలాన్ని మించిపోయే ప్రమాదం మరొకటి. తెలుగు మాధ్యమంలో చదివి పరిశోధనకు వచ్చిన విద్యార్థి తన ఫలితాన్ని క్షుణ్ణంగా ఎరిగి కూడా, ఎదురైన ప్రశ్నకు ఆంగ్లంలో తడబడితే మార్కులు కోల్పోవలసివస్తుంది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ శాస్త్ర గ్రంథాలను, పారిభాషిక పదాలను తెలుగులోకి తెచ్చినా, పరిశోధన సభల వేదికపై మాతృభాషకు చోటు దొరకలేదు.

క్లుప్తతను ఒక కళగా పెంపొందించే యత్నం ఇతర దేశాలలోనూ జరిగింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం అనావృష్టితో అల్లాడుతున్న రోజులలో, స్నానానికి నీరు వృథా కాకుండా జనం స్నానాల గదులలో మూడు నిమిషాల ఇసుక గడియారాలు పెట్టుకొనేవారు. దాని స్ఫూర్తితో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మూడు నిమిషాలలో సిద్ధాంత వ్యాసాన్ని వివరించే పోటీని ప్రారంభించింది. ఒకే ఒక చిత్రఫలకం, విషయం తెలియని శ్రోతలు, మూడు నిమిషాలు: ఇవే షరతులు. ఇక్కడ న్యాయనిర్ణయానికి గీటురాయి పరిశోధన లోతు ఒక్కటే కాదు, సామాన్యునికి అర్థమయ్యేలా చెప్పగలగడం కూడా. సైన్స్ కాంగ్రెస్ పురస్కారం నిపుణుల తీర్పు. ఈ పోటీ సామాన్య శ్రోత తీర్పు. శాస్త్రానికి రెండూ అవసరమే.

నిలిచిన సభ, నిలువవలసిన సంప్రదాయం

కోవిడ్ మహమ్మారి కారణంగా 2021, 2022 సంవత్సరాలలో సైన్స్ కాంగ్రెస్ జరగలేదు. 2023 జనవరిలో నాగపూరులో 108వ సమావేశం జరిగింది. అదే సంవత్సరం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖకు, సైన్స్ కాంగ్రెస్ సంఘానికి మధ్య నిర్వహణ, నిధుల విషయమై విభేదాలు తలెత్తి, శాఖ ఆర్థిక సహాయాన్ని ఉపసంహరించుకొన్నది. 2024 జనవరిలో జరగవలసిన సభ జరగలేదు. ఆ సభ ప్రమాణాలు పడిపోయాయనీ, అశాస్త్రీయ ప్రసంగాలకు కూడా అది వేదిక అయిందనీ శాస్త్రజ్ఞులే విమర్శించిన సందర్భాలున్నాయి. ఆ విమర్శలో సత్యమున్నది. కాని సభ నిలిచిపోయినపుడు మొదట నష్టపోయినది, ఏటా తన పత్రాన్ని సిద్ధం చేసుకొని జనవరి కోసం ఎదురుచూసే యువ పరిశోధకుడే. 32 ఏళ్ల పరిమితి దాటితే ఆ అవకాశం తిరిగి రాదు.

ఈలోగా జాతీయ పురస్కారాల స్వరూపం మారింది. కేంద్ర ప్రభుత్వం 2023లో రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కారాలను ప్రకటించింది. 2024లో తొలిసారి వాటిని ప్రదానం చేసినప్పుడు అత్యున్నతమైన విజ్ఞాన రత్న పురస్కారం జీవరసాయన శాస్త్రజ్ఞులు గోవిందరాజన్ పద్మనాభన్‌కు లభించింది. బృందాలకు ప్రత్యేక పురస్కారం ఏర్పాటు చేయడం ద్వారా సమష్టి కృషికి తగిన గౌరవం దక్కింది. ఇందులోని యువ పురస్కారానికి వయోపరిమితి 45 సంవత్సరాలు. అప్పటికి పరిశోధకుడు స్థిరపడినవాడే. 2025 నవంబరులో న్యూఢిల్లీలో నూతన సాంకేతిక రంగాలపై ఒక బృహత్ సదస్సు కూడా జరిగింది. ఇవన్నీ హర్షణీయమే. అయితే తొలి పత్రం చేతబట్టుకొని దూరప్రాంతం నుంచి రైలెక్కి వచ్చే విద్యార్థిని శ్రద్ధగా వినే ఏర్పాటుకు ఇవి ప్రత్యామ్నాయం కాలేవు.

ఆ బాధ్యతను వివిధ జీవశాస్త్ర సంఘాల వార్షిక సమావేశాలు, విశ్వవిద్యాలయాల సదస్సులు కొంతవరకు నిర్వహిస్తున్నాయి. నిష్పాక్షికమైన న్యాయనిర్ణయం, సహచరుల కృషికి గుర్తింపు, భారతీయ భాషలలో సైతం ప్రశ్నోత్తరాలకు అవకాశం కల్పించగలిగితే ఈ సంప్రదాయం మరింత ఫలవంతమవుతుంది. బ్రున్ నగర సభ మెండెల్‌కు రెండు సాయంత్రాలు కేటాయించింది కాని, అతడు చెప్పినదాని విలువను గ్రహించలేకపోయింది. నేటి పరిశోధకుడు అడిగేది కొద్ది నిమిషాలు మాత్రమే. ఆ కొద్ది నిమిషాలను మనసుపెట్టి వినడం విజ్ఞాన సమాజపు కనీస ధర్మం.