రేనాటి వంటింట గోధుమ లేని కూడు: కర్నూలు, కడప మెట్టసీమ శాకాహార చరిత్రపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: గోధుమ, పాలు, మాంసం లేని భోజనానికి నేడు ‘గ్లూటెన్ రహితం’, ‘వీగన్’ అనే పేర్లు వచ్చాయి. కర్నూలు, కడప మెట్టప్రాంతాల్లో ఇటువంటి భోజనం శతాబ్దాల పాటు నిత్యాహారంగా ఉండేది. సాహిత్యం, కరువు చరిత్ర, వంట పనిముట్లు, ధాన్యాల పేర్ల ఆధారంగా ఈ భోజనం ఎలా నిలిచిందో, ఎందుకు వెనుకబడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ మార్పును నిర్ణయించిన అంశాల్లో రుచి కన్నా దంపుడు శ్రమకే ఎక్కువ పాత్ర ఉందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: రేనాడు, కొర్ర, అరిక, సంగటి, ఆముక్తమాల్యద, ధాత కరువు, చిరుధాన్యాలు.

1. పేరు ఎక్కడిది?

గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే మాంసకృత్తుల సముదాయం. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో అది చిన్నప్రేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఈ సంబంధాన్ని నిరూపించినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికె. 1944-45 చలికాలంలో ఆ దేశాన్ని పీడించిన కరువులో రొట్టె దొరకలేదు. ఆయన చూస్తున్న పిల్లల ఆరోగ్యం అప్పుడు మెరుగుపడింది. రొట్టె తిరిగి రాగానే వ్యాధి లక్షణాలూ తిరిగి వచ్చాయి. అంతకుముందు నుంచే ఆయనకున్న అనుమానాన్ని ఈ అనుభవం బలపరచింది. 1950లో ఆయన తన పరిశోధనా గ్రంథాన్ని సమర్పించాడు. గోధుమ లేని పథ్యానికి శాస్త్రీయమైన పునాది ఆ విధంగా ఏర్పడింది.

మన దేశంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాలను పోల్చిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. వ్యాధిని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైగా కనిపించగా, దక్షిణాదిలో వెయ్యికి ఒకరిలో మాత్రమే కనిపించాయి. వ్యాధికి అవకాశమిచ్చే జన్యులక్షణం మాత్రం మూడుచోట్లా దాదాపు ఒకే స్థాయిలో ఉంది. గోధుమ వాడకంలో భారీ వ్యత్యాసం ఉంది. దక్షిణాది వంటింటి చరిత్రను చదివేవారు ఈ ఫలితాన్ని విస్మరించరాదు. మన ప్రాంతంలో వ్యాధి అరుదుగా ఉండటానికి శరీరతత్త్వం కన్నా కంచంలో ఉన్నదే ప్రధాన కారణమని అది సూచిస్తుంది. కంచం మారితే ఫలితమూ మారవచ్చు.

‘రహితం’ అనే మాట లేనిదాన్ని చూపి ఆహారానికి పేరు పెడుతుంది. రేనాటి పేర్లు ఉన్నదాన్నే చెబుతాయి: కొర్రబువ్వ, జొన్నరొట్టె, రాగిసంగటి, సజ్జరొట్టె. గోధుమే లేని చోట, అది లేదని చెప్పుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

2. ఆముక్తమాల్యదలో రెండు కంచాలు

తొలి తెలుగు శాసనాల్లో ఒకటైన కలమళ్ల శాసనం (సుమారు క్రీ.శ. 575) రేనాటి చోళులది. నేటి కడప జిల్లాలో ఎఱ్ఱగుంట్ల సమీపంలో అది లభించింది. రేగడి నేల వల్లనే రేనాడు అనే పేరు వచ్చిందని ఒక వ్యుత్పత్తి ప్రచారంలో ఉంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కోయిలకుంట్ల ప్రాంతాల్లోని నల్లరేగడిని చూసినవారికి ఆ వ్యుత్పత్తి సహజంగానే తోస్తుంది. తేమను పట్టి ఉంచే ఆ నేలలో జొన్న, కొర్ర పండించడానికి కాలువ అక్కరలేదు.

ఆ పంటలను తినే మనుషులు కావ్యంలో కనిపించడం అరుదు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ఇందుకు మినహాయింపు. విష్ణుచిత్తుడు వానాకాలంలో అతిథులకు పెట్టే విందులో కలమాన్నం, ఒలిచిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, ధారాళంగా నెయ్యి ఉంటాయి. అదే కావ్యంలోని వర్షర్తు వర్ణనలో రెడ్ల భోజనం ప్రస్తావనకు వస్తుంది. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకులను చింతచిగురుతో కలిపి నూనెలో పొరటి, ఆ కూరతో అరికల ఓగిరాన్ని తింటారు. తర్వాత కుంపటి పెట్టుకున్న మంచమెక్కుతారు.

రెండు కంచాలూ శాకాహారమే. రెండింటిలోనూ గోధుమ లేదు. ఒకదానిలో పాడి సమృద్ధిగా ఉంది. రెండవదానిలో కవి పేర్కొన్న పదార్థాల వరకు పాడి లేదు. నేటి పరిభాషలో చెప్పాలంటే రెండవది వీగన్ భోజనం. అయితే ఆ రెడ్లకు పశువులున్నాయి, పద్యంలో దూడల ప్రస్తావన కూడా ఉంది. కనుక దానిని నియమంగా పాటించిన పాడివర్జనగా చదవడం పొరపాటు. ఈ వర్ణన ప్రత్యేకించి రేనాటిదని చెప్పడానికీ ఆధారం లేదు. మెట్టసేద్యపు రాయలసీమ రాజుకు పరిచితమైన కంచమని అనడం వరకే సమంజసం.

మరో విషయం గమనార్హం. ఆ కూరలో మిరపకాయ లేదు. మిరప, వేరుశనగ రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. నేడు సీమ రుచికి చిరునామాగా చెప్పుకునే వేరుశనగల ఊరిబిండి ప్రాచీనత ఆ మేరకు పరిమితం. ఈ పద్యం పాఠం చెప్పేటప్పుడు గురుగాకును చూసినవారెవరని తరగతిలో అడిగితే ఒకటి రెండు చేతులే లేస్తాయి. చెంచలికి ఆ ఒక్క చెయ్యీ లేవదు. పొలంలో కలుపు మందు చల్లే కాలంలో ఈ ఆకులన్నీ కలుపు కిందనే జమ.

ధాన్యాల మధ్య అంతస్తుల భేదం అప్పటికే స్థిరపడింది. శ్రీనాథునికి ఆపాదించే పల్నాటి చాటువుల్లో జొన్నకూటిపై వినిపించే విసుగు వరి రుచి మరిగిన వ్యక్తిది. దీనికి ఎదురుగా నిలిచే రచన పొరుగున కన్నడంలో కనకదాసు రామధాన్య చరిత్రె. అందులో వరికీ రాగికీ తగవు వస్తే రాముడు రాగి పక్షాన తీర్పు చెబుతాడు. సుశ్రుత సంహిత ఈ చిన్న గింజలను కుధాన్య వర్గంలో చేర్చింది. తరువాత తృణధాన్యమన్న మాట నిలిచింది. తృణమంటే గడ్డి. కూడు అనే మాట కూడా అదే దారి పట్టింది. ప్రాచీన తెలుగులో నిర్దోషమైన ఆ పదం కాలక్రమంలో అన్నం ముందు తలవంచింది.

3. సాగని పిండి, దంచవలసిన గింజ

గోధుమపిండిని సాగదీయవచ్చు, కర్రతో పలుచగా ఒత్తవచ్చు. ఆ సాగుడు గుణం గ్లూటెన్‌దే. జొన్నపిండికి అది లేదు. కనుకనే జొన్నరొట్టెకు మరిగే నీళ్లు పోసి పిండిని కలుపుతారు. వేడికి పిండిపదార్థం కొంత ఉడికి జిగురు పుడుతుంది. ముద్దను అరచేత్తో తడుతూ తిప్పుతూ పెద్దది చేసి, పెనం మీద వేశాక పైన నీళ్లు తడుపుతారు. చల్లారిన పిండితో అంచులు పగులుతాయి. సంగటిలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. నూకలు ఉడుకుతుండగా రాగిపిండి పోసి, ఆవిరికి మగ్గనిచ్చి, కట్టెతో గెలికి, తడిచేత్తో ముద్ద కడతారు. ‘గ్లూటెన్ రహిత వంట’ నేర్పే నేటి పుస్తకాలు పిండిని కలిపి నిలపడానికి జిగురు పొడులు వాడమంటాయి. రేనాటి స్త్రీలు ఆ పనిని వేడినీటితోనే సాధించారు.

దీనితో పాటు పప్పు, పుంటికూర, పచ్చిపులుసు, కారం, ఉల్లిగడ్డ ఉండేవి. మజ్జిగ కలిపిన అంబలి పాడి ఉన్న ఇంటి అంబలి. పాడి లేని ఇంట అందులో నీళ్లు, ఉప్పే ఉండేవి. బ్రౌన్ కొంతకాలం కడపలో నివసించాడు. ఆయన 1852 నాటి నిఘంటువులో ‘సంకటి’ ఆరోపంగా చేరింది. మాట సంగటిగా పలుకుతున్నా వంటకం మాత్రం అదే.

ధాన్యాల మధ్య ఉన్న ఒక భేదాన్ని మన ఆహారచరిత్రలు తగినంతగా పట్టించుకోలేదు. జొన్న, సజ్జ, రాగి గింజలను నూర్చి శుభ్రం చేస్తే నేరుగా పిండి పట్టవచ్చు. కొర్ర, అరిక, సామ, వరిగ గింజలను గట్టి పొట్టు అంటిపెట్టుకుని ఉంటుంది. తిరగలిలో విసరాలి, రోటిలో దంచాలి, చేటతో చెరగాలి, మళ్లీ దంచాలి. తెల్లవారుజామున మొదలయ్యే ఈ పని ఆడవారిది. వరికి మరలు వచ్చి దంపుడు తప్పింది. కొర్రకు, అరికకు చాలాకాలం మరలు రాలేదు. పొట్టు లేని జొన్న, రాగి వంటింట నిలవడానికి, అరిక దాదాపు కనుమరుగు కావడానికి ఈ శ్రమభేదమే ముఖ్యకారణమని నా అభిప్రాయం. ‘రుచి మారింది’ అని తేల్చడం సులభం. దంచిన చేతుల వైపు నుంచి చూస్తే, ఆ మార్పు విముక్తిగా కూడా కనిపిస్తుంది.

4. ధాత కరువు

పాత భోజనాన్ని పొగిడే ముందు 1876-78ని జ్ఞాపకం చేసుకోవాలి. ధాత నామ సంవత్సరంలో మొదలైనందున ప్రజలు దానిని ధాత కరువు అన్నారు. అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి అన్నదానం సీమ పాటల్లో నిలిచింది. ధాత కరువు ఒక దాత చేతికి అందేది కాదు. మద్రాసు రాజధానిలో అత్యధికంగా దెబ్బతిన్న జిల్లా కర్నూలు. 1871 నుంచి 1881 మధ్య జిల్లా జనాభా సుమారు నాలుగోవంతు తగ్గింది. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువుపనుల కూలిని రోజుకు పౌను ధాన్యం ప్రాతిపదికకు కుదించాడు. పని చేసే దేహానికి అది చాలదని మద్రాసు పారిశుధ్య కమిషనర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ వాదించాడు. కూలిపై సాగిన ఆ వివాదం ప్రభుత్వ పత్రాలకెక్కింది. ఆకులు, దుంపలు తిని బతికినవారి వంట మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. ఆముక్తమాల్యదలో వానాకాలపు సుఖానికి గుర్తుగా ఉన్న ఆకుకూర కరువులో ఆఖరి ఆధారమవుతుంది.

కర్నూలు-కడప కాలువ చరిత్ర కూడా ఇక్కడ ప్రాసంగికమే. సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని మళ్లించి సుమారు 306 కిలోమీటర్లు సాగే ఈ కాలువను 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ చేపట్టింది. రైతులు నీటిని కొంటారని కంపెనీ ఆశించింది. వానలు పడిన ఏటి నల్లరేగడిలో జొన్న, కొర్ర వేసే రైతుకు ఆ నీటి అవసరం అంతగా లేదు. కంపెనీ నష్టపోయింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనుగోలు చేసింది. తరువాతి కాలంలో ఆ కాలువ వెంటనే వరిమడి, వరిమడితో పాటు తెల్లన్నం విస్తరించాయి. మెట్టలో వేరుశనగ చిరుధాన్యాల చోటును ఆక్రమించింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక వరి అన్నం పండుగ వంటకంగా మిగలలేదు. దాన్ని తప్పుపట్టడం అన్యాయం. ఆకలి తెలిసిన ఇళ్లకు అది గౌరవం కూడా.

పోషణ దృష్టితో చూసినా పాత కంచం నిర్దోషం కాదు. హైదరాబాదులో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో వెలువరించిన పరిశోధన దక్కన్‌లో జొన్ననే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా వ్యాధిని గుర్తించి, జొన్నలోని ల్యూసిన్‌తో దానికి సంబంధం ఉండవచ్చని ప్రతిపాదించింది. ఆ కారణంపై తరువాత చర్చ జరిగింది. అయినా పప్పు, ఆకుకూర లేని జొన్నకూడు చాలదన్న విషయం నిలిచింది. తడిసి బూజుపట్టిన అరికలు తింటే మత్తు, వాంతులు కలుగుతాయి. వాటిని తిన్నవారికి అది అనుభవంలో ఉన్న సంగతే.

5. తిరిగి వచ్చిన కొర్ర

2018లో కేంద్ర ప్రభుత్వం ముతక ధాన్యాలన్న అధికారిక పేరును తొలగించి పోషకధాన్యాలుగా మార్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ ‘సిరిధాన్యాలు’ అన్న మాటను తెలుగు ఇళ్లలోకి తెచ్చారు. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించింది. ఈ ధాన్యాలు పలు వ్యాధులను నయం చేస్తాయన్న ప్రచారాన్ని వైద్యపరీక్షకు నిలిపే చూడాలి. గడ్డి సిరిగా మారిన ఈ నామాంతరం మాత్రం భాషా పరిశోధకులు తప్పక నమోదు చేయవలసినది. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన కొర్ర వంగడాల్లో సూర్యనంది, రేనాడు ఉన్నాయి. శాసనాల నాటి దేశనామం విత్తనపు సంచి మీదికి చేరింది.

ఇక్కడే ఒక అపాయం ఉంది. సంప్రదాయ వంటకమైనంత మాత్రాన సీలియాక్ రోగికి అది సురక్షితమని చెప్పలేం. బజారులో దొరికే ఇంగువపొడిలో తరచుగా గోధుమపిండి లేదా మైదా కలుపుతారు. పచ్చిపులుసు తాలింపులో చిటికెడు చాలు. పిండిమరలో గోధుమలు ఆడించిన వెంటనే అదే రాతిపై జొన్నలు పోస్తే గోధుమపిండి అందులో కలుస్తుంది. ఇంటి తిరగలికి ఆ ప్రమాదం దాదాపు లేదు. ఉగాదికి చేసే భక్ష్యాలు, ఓళిగల పైపొరలో నేడు మైదానే ఉంటుంది. ఈ సంగతులు చెప్పకుండా ‘మన తాతల భోజనమే మందు’ అనడం రోగికి కీడు.

పరిశోధన దృష్ట్యా తక్షణం చేయవలసిన పని వేరొకటి ఉంది. కొర్రలు దంచిన తరంలో కోయిలకుంట్ల, జమ్మలమడుగు పల్లెల్లో మిగిలినవారు ఇప్పుడు వృద్ధులు. ఎన్ని దంపులకు పొట్టు విడుతుంది, తౌడు ఎవరికి వేసేవారు, అరికలు మత్తువో కావో ఎలా తెలుసుకునేవారు, వానాకాలంలో ఏ ఆకు ముందు చిగిర్చేది అన్న ప్రశ్నలకు జవాబులు వారి దగ్గరే ఉన్నాయి. మాండలిక పదకోశాలకు, ఆహారచరిత్రకు కూడా ఆ మాటలే మూలాధారం. మౌఖిక సాహిత్య సేకరణకు వెళ్లే విద్యార్థుల ప్రశ్నావళిలో పాటలు, సామెతల పక్కన రోలు, తిరగలి, చేట కూడా చేర్చాలి.